కబ్జా అరిగితే తలుపును కొట్టకండి

మన తెలంగాణలో కబ్జా అన్న మాట వినగానే చెరువు శిఖం, వక్ఫ్ భూమి, కోర్టు కాయితాలు గుర్తొస్తాయి. అదే మాట కారఖానాలో అడిగి చూడండి. మిస్త్రీ భూమి సంగతి ఎత్తడు, తలుపు దగ్గరికి పోయి వేలు పెట్టి చూపిస్తాడు. తలుపును బండి ఒంటికి పట్టి ఉంచే రెండు ఇనుప రెక్కలు, వాటి నడుమ ఒక పిన్ను, ఆయన లెక్కలో కబ్జా అంటే అదే. కొందరు బందు అంటారు, స్పేర్ పార్ట్స్ దుకాణంలో హింజ్ అంటారు. ఉర్దూలో కబ్జా అంటే అసలు మానే పట్టు. తల్వార్ పిడిని కూడా కబ్జా అనే అంటారు. పరాయి భూమిని పట్టుకుంటే గునాహ్, తలుపును పట్టుకుంటే ఖిద్మత్. మాట ఒకటే, నియ్యత్ వేరు.

ఈ రెండో కబ్జా గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. మన జగిత్యాల, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇంకా కొన్ని ఖాందాన్లలో పాత అంబాసిడర్, పాత ఫియట్ ఉన్నాయి. దాదా కొన్నది, అబ్బా నడిపింది, ఇప్పుడు రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్నది. పండగకో, షాదీకో బయటికి తీస్తారు. తీసినప్పుడు మొదట ఇబ్బంది పెట్టేది ఇంజిన్ కాదు, తలుపు. మూస్తే మూతపడదు, ఎత్తి పట్టి గట్టిగా కొట్టాలి. నా రాయ్ సాఫ్‌గా చెప్తున్నా: తలుపు వాలితే కబ్జా దగ్గర మరమ్మత్ చేయించండి. తలుపును కొట్టించకండి, తాళాన్ని గీకించకండి. ఆ పని తెలిసిన మిస్త్రీకి సరైన మజ్దూరీ ఇవ్వండి. ఇందులో మన పిల్లల జాన్ ఉంది, మన దీన్ నేర్పిన ఉసూల్ ఉంది, మన సొంత ఇళ్ల రోజీ ఉంది.

ముందు తలుపు ఎందుకు వాలుతుందో చూద్దాం. బండి తలుపు బరువంతా రెండు కబ్జాల మీదే వేలాడుతుంది. పై కబ్జాను తలుపు బయటికి గుంజుతుంది, కింది కబ్జాను లోపలికి నెడుతుంది. అందుకే చాలా బండ్లలో ముందు అరిగేది పైదే. ఇనుము మీద ఇనుము ఏళ్ల తరబడి తిరుగుతుంది. నూనె వేసేవాడు ఉండడు. దుమ్ము చేరి, వానకు తుప్పు పట్టి, ఆ తుప్పే ఆకురాయిలా పిన్నును గీకుతుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు షకల్‌కు వస్తుంది.

ఒక చిన్న హిసాబ్ చూడండి. రెండు కబ్జాల నడుమ ఒక అడుగు దూరం ఉందనుకుందాం, తలుపు పొడవు మూడు అడుగులు అనుకుందాం. పై పిన్ను దగ్గర 1 మిల్లీమీటర్ లూజు వస్తే, తలుపు అవతలి కొస దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే తాళం దగ్గర మనకు కనిపించే నుక్సాన్ పెద్దది, కబ్జా దగ్గరున్న అసలు కారణం దాంట్లో మూడో వంతు. మన నజర్ పెద్దదాని మీదికే పోతుంది. అందుకే అందరూ తాళం దగ్గరే హతోడా పట్టుకుంటారు.

కారఖానాలో రోజూ నడిచే మాటలు ఇవే:

"ఉస్తాద్, తలుపు పడుతలేదు. జర సెట్ చెయ్యి."

"కబ్జా పిన్ను పోయింది భాయ్. తలుపు దించాలె. ఒక రోజు పడుతది."

"ఒక రోజా? అంత టైమ్ ఎక్కడిది? ఒక్క దెబ్బ కొట్టి సరిచెయ్యి, చాయ్ తాగి పోత."

ఆ ఒక్క దెబ్బ దగ్గరే ఖరాబీ మొదలైతది. తలుపుకూ స్తంభానికీ నడుమ కట్టె ముక్క పెట్టి తలుపును ఒత్తుతారు. కబ్జా రెక్క వంగి, తలుపు కొస కొంచెం పైకి లేస్తుంది. గిరాకీ ఖుష్. రెండు నెలలకు మళ్లీ వాలుతుంది, ఎందుకంటే పిన్నులో లూజు అట్లనే ఉంది. ఈసారి తాళం పట్టే ముక్కను గీకి కిందికి జరుపుతారు. మూడోసారి పిన్నునే రెక్కకు వెల్డింగ్ కొడతారు. తిరగాల్సిన పిన్ను తిరగదు. బలమంతా పోయి తలుపు రేకు మీద, స్తంభం మీద పడుతుంది. రేకు చిట్లుతుంది. చిన్న పిన్నుతో పోయే పని డెంటింగ్, పెయింటింగ్ దాకా వస్తుంది. అప్పుడు ఇంట్లో ఫైసలా: "ఈ బండి బేకార్, కబాడీకి ఇచ్చెయ్యండి."

బండి బేకార్ కాలేదు. మనం సబర్ చేయలేదు.

సరైన మరమ్మత్ ఎట్లుంటదో ఇంట్లోవాళ్లకు కూడా తెలిసి ఉంటే మంచిది. తెలిసిన గిరాకీని ఎవరూ ధోకా చేయలేరు. తలుపు సగం తెరవండి. అవతలి కొసను కింద నుంచి రెండు చేతులతో మెల్లగా ఎత్తి దించండి. ఇంకొకరిని కబ్జాల వైపు చూడమనండి. రెక్కలు కదలకుండా పిన్ను ఒక్కటే ఆడుతుంటే, అరిగింది పిన్ను, దాని రంధ్రం. రెక్క మొత్తం స్తంభం మీద కదిలితే బోల్టులు లూజ్. స్తంభమే కదిలితే లోపల తుప్పు తిన్నది. మూడు మర్జులు, మూడు ఇలాజులు. మొదటిదానికి లేత్ పని, రెండోదానికి పానా, మూడోదానికి రేకు పని. మూడింటికీ హతోడా ఇలాజ్ కాదు.

పిన్ను అరిగితే తలుపు కింద జాకీ పెట్టి, పైన కట్టె, కట్టె మీద మెత్తటి గుడ్డ వేసి బరువు ఆపాలి. కబ్జా చుట్టూ గీత గీసుకోవాలి, మళ్లీ అదే జాగాలో కూర్చోబెట్టడానికి. పాత పిన్నుకు ముందురోజే నూనె పట్టిస్తే మొండికేయకుండా వస్తుంది. పిన్ను తీశాక కోడిగుడ్డులా అయిన రంధ్రాన్ని రీమర్‌తో మళ్లీ గుండ్రం చేయాలి. అప్పుడు రెండు తోవలు: కొత్త రంధ్రానికి సరిపోయే కొంచెం లావు పిన్నును లేత్ మీద తిప్పించడం, లేదా రంధ్రంలో ఇత్తడి బుష్ కూర్చోబెట్టి పాత సైజు పిన్ను వేయడం. నాకు రెండోదే పసంద్. ఇత్తడి మెత్తన, ఇనుము గట్టి. రేపు అరిగినా బుష్ అరుగుతుంది, కబ్జా మిగులుతుంది. గిరీస్ పెట్టి బిగించి, తలుపు చుట్టూ సందు ఒకే తీరుగా ఉందా చూసి, బోల్టులు పూర్తిగా టైట్ చేయాలి. తాళం ముక్కను ముట్టుకోవాల్సింది అన్నిటికన్నా ఆఖరున. చాలాసార్లు దాన్ని ముట్టుకోవాల్సిన జరూరతే ఉండదు.

పాతకాలపు కార్లకు కబ్జా అంటే ఉత్త సౌకర్యం సంగతి కాదు. అంబాసిడర్ చరిత్ర చూడండి. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాను తీసుకుని హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 1957 నుంచి తయారు చేసింది. 2014 మే దాకా అది నడిచింది. అన్నేళ్లలో ఇంజిన్లు మారాయి, దీపాలు మారాయి, ఒంటి షకల్ మాత్రం పెద్దగా మారలేదు. బరువైన రేకు, బరువైన తలుపు. పాత బండ్లలో ముందు సీటు కూడా పొడుగు బల్లలా ఉండేది. ఎంతమంది ఎక్కితే అంతమంది. తలుపు పక్కన కూర్చునేది ఎవరు? ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లోడు, కిటికీ కావాలని జిద్ చేసినవాడు. ఆ పాత సీట్లకు బెల్టులు ఉండవు. వాడిని ఆపేది ఆ తలుపొక్కటే.

ఫియట్ 1100 సంగతి ఇంకో తీరు. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన తొలి మోడళ్లలో ముందు తలుపుల కబ్జాలు వెనక వైపు ఉండేవి. తలుపు వెనక్కి తెరుచుకునేది. దాన్ని సూసైడ్ డోర్ అని పిలవడం ఊరికే కాదు. బండి నడుస్తుండగా తాళం జారితే ఎదురుగాలి ఆ తలుపును పూర్తిగా తెరిచేస్తుంది. 1960ల నడుమ డిలైట్ మోడల్ వచ్చేసరికి కబ్జాలు ముందు వైపుకు మారాయి. తర్వాత పద్మిని అన్న పేరుతో మనకు తెలిసింది ఆ బండే. కబ్జా ఏ వైపు ఉండాలన్న ఒక్క ఫైసలా మనుషుల హిఫాజత్‌ను మార్చింది. ఇంత చిన్న ఇనుప ముక్కను చిల్లర పనిగా చూడకూడదని చెప్పడానికి ఇంతకన్నా మిసాల్ ఏం కావాలి?

ఇప్పుడు కొండగట్టు సంగతి. కరీంనగర్, జగిత్యాల నడుమ తిరిగేవాళ్లకు ఆ కొండ కొత్త కాదు. ఆంజనేయస్వామి గుడికి జనం కొత్త బండ్లు తెచ్చి పూజ చేయించుకుంటారు. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన వారాహి ప్రచార వాహనాన్ని కూడా అక్కడికే తెచ్చి పూజ చేయించాడు. ఆ కొండ ఎక్కే బండ్లలో ఎన్నింటికి మన ఉస్తాదుల చేతి పని తగిలి ఉంటుందో ఆలోచించండి. కరీంనగర్‌లోనూ జగిత్యాలలోనూ డెంటింగ్, వెల్డింగ్, లేత్, సీట్ల పనిలో మనవాళ్లు తరాలుగా ఉన్నారు. బండి ఎవరిది, ఏ దర్వాజా ముందుకు పోతుంది అని ఉస్తాద్ అడగడు. తలుపు పడుతుందా లేదా అన్నదే ఆయన ఫిక్ర్. ఈ రోజుల్లో మనుషుల నడుమ పట్టు సడలించే మాటలు ఎక్కువైనయి. అక్కడ పట్టు బిగించే పని నిశ్శబ్దంగా జరుగుతూనే ఉంది. దాన్ని మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

అదే కొండ ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబర్ 11న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు ఇళ్లు ఏడ్చాయి. ఆ హాద్సా కారణాల ముకద్దమా నేను ఇక్కడ తెరవడం లేదు. దానికీ కారు తలుపుకూ సంబంధం కలపడమూ లేదు. కానీ ఆ రోజు తర్వాత మన జిల్లాలో బండి కండిషన్ గురించి మాట్లాడేవాళ్లకు ఒక అదబ్ ఉండాలి. మలుపులో బండి తిరిగేటప్పుడు లోపలున్న మనుషులు బయటి వైపుకు ఒరుగుతారు. ఆ వైపు తలుపు మీద ఆ బరువంతా పడుతుంది. అరిగిన కబ్జా, సగమే పట్టిన తాళం, దానికి ఒరిగిన పిల్లోడు. ఈ మూడూ ఒక్క మలుపులో కలవకుండా చూడటం ఇంటి పెద్ద జిమ్మేదారి. దువా చదివి బండి ఎక్కండి, జరూర్. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న తాలీమ్ మనదే కదా. తలుపును కబ్జాకు కట్టడం కూడా అందులోకే వస్తుంది.

దీన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్తా. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలకు తామే కుట్లు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. దావూద్ అలైహిస్సలాం చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తన చేశాడని, కవచం కడియాలను కొలత ప్రకారం కలపమన్నాడని ఖురాన్‌లో ఉంది. ఒక పైగంబర్‌కు ఇనుప పనిలో కొలత గురించి హుకుం వచ్చిందంటే, రీమర్ పట్టి రంధ్రాన్ని కొలత ప్రకారం గుండ్రం చేసే మిస్త్రీ ఎంత ఊంచా సిల్సిలాలో నిలబడ్డాడో ఆలోచించండి. ఇస్రాఫ్ హరామ్ అని జుమా బయాన్‌లో వింటాం. విందులో అన్నం పారేస్తేనే ఇస్రాఫ్ అనుకుంటాం. చిన్న బుష్‌తో బాగయ్యే తలుపును కబాడీలో వేయడం ఇస్రాఫ్ కాదా?

కానీ చూడండి, మన ఘరానాల్లో ఆ మిస్త్రీకి దొరికే ఇజ్జత్ ఎంత? రిష్తా మాటలు నడుస్తున్నప్పుడు "అబ్బాయి ఏం చేస్తడు?" అని అడుగుతారు. "దుబాయ్‌ల ఉన్నడు" అంటే ముఖాలు వెలుగుతాయి, అక్కడ చేసేది అదే వెల్డింగ్ పని అయినా సరే. "జగిత్యాలలో సొంత కారఖానా" అంటే అమ్మీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చేతులకు గిరీస్ అంటింది అని నామోషీ. ఆ చేతుల సంపాదన హలాల్, సాయంత్రానికి ఇంటికి వచ్చే మనిషి, పిల్లల హోమ్‌వర్క్ చూసే బాప్. ఇవి లెక్కలోకి రావు. దావూద్ అలైహిస్సలాం తన చేతి మెహనత్ తిన్నారని హదీసు చదివే నోటితోనే ఈ మాటలు ఎట్లా అంటాం?

ఫలితం కళ్ల ముందే ఉంది. షాగిర్దులు దొరకడం లేదు. డిగ్రీ చదివిన పిల్లోడు పని నేర్చుకోవడానికి సిగ్గుపడతాడు, చదవని పిల్లోడు గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తాడు. ఉస్తాద్ కళ్లు మసకబారుతున్నాయి, ఆయన వేళ్లలో ఉన్న అందాజా ఏ కితాబులోనూ లేదు. పిన్ను బుష్‌లో ఎంత టైట్‌గా కూర్చుంటే తలుపు హాయిగా తిరుగుతుందో ఆయన చెయ్యి చెప్తుంది. ఆ చెయ్యి పోయిన రోజు పాత బండ్లు కూడా పోతాయి.

మజ్దూరీ సంగతీ ఇదే. షోరూంలో బిల్లు వస్తే నోరెత్తం, అదే ఉస్తాద్ రోజంతా పని చేసి మజ్దూరీ అడిగితే "చిన్న పిన్నుకు ఇంతనా?" అని బేరం మొదలు. పిన్ను చిన్నదే, దాన్ని ఎక్కడ ఎట్లా వేయాలో తెలిసిన ఇల్మ్ చిన్నది కాదు. మజ్దూరుకు చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది మన తాలీమే. బేరం ఆడి ఆడి మనమే ఆయన్ను ఆ ఒక్క దెబ్బ పనికి అలవాటు చేస్తున్నాం.

ఉస్తాదులకు కూడా ఒక మాట, అదబ్‌తోనే. గిరాకీ జల్దీ అన్నాడని పిన్నుకు వెల్డింగ్ కొట్టడం అమానత్‌లో ఖియానత్. ఆయనకు తెలియదు, మీకు తెలుసు. "ఇట్ల చేస్తే రెండు నెలలే ఆగుతది భాయ్, పిల్లలు కూర్చునే తలుపు ఇది" అని ఒక్కసారి చెప్పండి. వింటే మంచిది. వినకపోతే ఆ పని వదిలేయండి. ఒక్క గిరాకీ పోతే రిజ్క్ ఆగదు.

మరి పాత బండ్లన్నీ బతికించాలా అని అడిగేవాళ్లున్నారు. ఆ సవాల్ సరైనదే. స్తంభం లోపల తుప్పు తిని రేకు కాయితంలా అయితే, ఆ బండికి కొత్త కబ్జా వేసి లాభం లేదు, పట్టుకోవడానికి ఇనుమే లేదు. పొగ కక్కే ఇంజిన్ పడోసీల ఊపిరికి నుక్సాన్ చేస్తుంది, పడోసీకి మన మీద హక్ ఉంది. అట్లాంటిదాన్ని యాద్ కోసం రోడ్డు మీద తిప్పకూడదు. కానూన్ కూడా చూసుకోవాలి. సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత ఆర్సీ రెన్యువల్ కావాలంటే బండి ఫిట్‌గా ఉందని చూపించాలి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రూల్స్ తెచ్చింది. వాటికి నంబర్ ప్లేటు మీద వీఏ అక్షరాలతో వేరే సిరీస్ ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు పెట్టారు. అట్లాంటి బండిని రోజువారీ సవారీకి, కిరాయికి వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మత్‌కు తీసుకుపోవచ్చు. అందులో ఒక షర్త్ చాలామందికి తెలియదు. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఒంటినీ ఛాసిస్‌నూ ఇంజిన్‌నూ పెద్దగా మార్చి ఉండకూడదు. కాబట్టి పాత బండి ఒంటిని కోసి, కొత్త కారు కబ్జాలు అతికించే ముందు పదిసార్లు ఆలోచించండి. పాత కబ్జాకే బుష్ వేయించడం హిఫాజత్‌కూ మంచిది, కాయితాలకూ మంచిది.

హైదరాబాద్ పోయినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు పచ్చ రోల్స్ రాయిస్ ముందు నిలబడి ఫోటో దిగుతాం. 1912 నాటి బండి. దాన్ని చూసి "వాహ్, క్యా షాన్ హై" అంటాం. వందేళ్లు దాటిన బండి అట్లా నిలబడాలంటే, పేరు తెలియని ఎన్ని చేతులు దానికి నూనె రాసి, పిన్నులు మార్చి, తుప్పు తుడిచి ఉంటాయో ఆలోచించం. షాన్ నిజాందే కావచ్చు. నిలబెట్టింది హునర్. అదే హునర్ మన మొహల్లా చివర రేకుల షెడ్డులో ఉంది, దానికి టికెట్ కూడా లేదు.

అందుకే ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ఈ ఇత్వారం ఒక పని చేయండి. నాలుగు తలుపులూ తెరిచి, ఒక్కో కొసను ఎత్తి చూడండి. కబ్జాలకు నూనె చుక్క వేయండి, రెండు నెలలకోసారి వేస్తూ ఉండండి. తలుపును ఆపే పట్టీ తెగి ఉంటే వేయించండి, అది లేకపోతే తలుపు మితిమీరి తెరుచుకుని కబ్జాను వంచేస్తుంది. లూజు కనిపిస్తే ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయి, "టైమ్ తీసుకోండి, పక్కా చేయండి" అనండి. మీ కొడుకునో బిడ్డనో వెంట తీసుకుపోండి. ఉస్తాద్‌కు ముందు సలాం చేయించండి, తర్వాత పక్కన నిలబెట్టి పని చూపించండి. పిల్లోడు "నేనూ చేస్తా" అంటే చేతికి పానా ఇప్పించండి. గిరీస్ అంటితే సబ్బుతో పోతుంది.